నేతాజీని తీసుకెళ్ళిన యు-180 అసలు కథ ఏంటి?

నేతాజీ జర్మనీ నుంచి జపాన్‌కి సబ్‌మెరైన్‌లో వెళ్ళారు అని స్కూల్ పుస్తకంలో ఒక్క లైన్ చదివేసి ముందుకెళ్ళిపోతాం మనమంతా. ఆ ఒక్క లైన్ విప్పి చూస్తే మాత్రం చాలా ముడులున్నాయి. ఆయన ఎక్కింది ఒక సబ్‌మెరైన్ కాదు, రెండు. రెండోది ఆయన్ని దించింది కూడా జపాన్‌లో కాదు, సుమత్రా కొసన ఉన్న సబాంగ్ దీవిలో, అక్కడి నుంచి టోక్యోకి విమానంలో వెళ్ళారు. మూడు నెలల ఆ ప్రయాణంలో ఆయన పక్కన ఉన్న ఒకే ఒక్క భారతీయుడు మన హైదరాబాద్‌లో పుట్టిన అబిద్ హసన్. ఇక ఆ మొదటి సబ్‌మెరైన్, జర్మన్ల యు-180, దాని గురించి అయితే తెలుగులో దాదాపు ఎవరూ రాయలేదు, అందుకే ఇది.

యు-బోట్ల, అంటే జర్మన్ సబ్‌మెరైన్ల చరిత్ర రాసేవాళ్ళకి ఒక అలవాటుంది, ఏ బోటు ఎన్ని ఓడలు ముంచింది, ఎన్ని టన్నులు అని లెక్కేసి ర్యాంకులివ్వడం. ఓటో క్రెచ్‌మర్ లాంటి కమాండర్లు ఒక్కొక్కరు 40కి పైగా ఓడలు ముంచారు. ఆ లెక్కలో యు-180 ఎక్కడో అట్టడుగున ఉంటుంది, మొత్తం జీవితంలో ముంచింది రెండే ఓడలు, 13,298 టన్నులు. నా ఉద్దేశంలో ఆ కొలబద్ద ఈ బోటుకి పనికిరాదు, ఎందుకంటే ఇది చేసిన అసలు పని మనుషుల్నీ సరుకునీ సముద్రం మధ్యలో చేతులు మార్చడం. దాని ప్రభావం సింగపూర్ నుంచి ఇంఫాల్ దాకా కనపడింది.

ముందు బోటు సంగతి. బ్రెమెన్‌లో ఏజీ వెజర్ అనే షిప్‌యార్డ్‌లో కట్టారు, 1941 డిసెంబర్‌లో నీళ్ళలోకి దించారు, 1942 మే 16న నేవీలో చేరింది, కమాండర్ పేరు వెర్నర్ ముజెన్‌బెర్గ్. జర్మన్లు తమ బోట్లకి టైప్ నంబర్లిస్తారు, అందరికీ తెలిసిన మామూలు బోటు టైప్ 7, దూరప్రాంతాలకి వెళ్ళే పెద్దది టైప్ 9. ఆ 9లో మళ్ళీ ఏ, బీ, సీ, డీ అని రకాలు, డీలో మళ్ళీ డీ1, డీ2. యు-180 ఈ డీ1 రకం. ఈ రకంలో మొత్తం ప్రపంచంలో కట్టింది రెండే బోట్లు, ఇదీ, యు-195. ఎందుకు రెండితోనే ఆపేశారన్నది దాని ఇంజన్లలో ఉంది.

ఆ రోజుల్లో సబ్‌మెరైన్ అంటే ఇప్పటి అణు సబ్‌మెరైన్ లాగా నెలల తరబడి నీళ్ళ కింద ఉండేది అనుకోకూడదు. అది నిజానికి పైన తిరిగే ఓడే, అవసరమైనప్పుడు మాత్రం మునుగుతుంది. పైన ఉన్నప్పుడు డీజిల్ ఇంజన్లు నడుస్తాయి, అవే బ్యాటరీల్ని ఛార్జ్ చేస్తాయి, కిందకి వెళ్ళాక డీజిల్‌కి గాలి ఉండదు కాబట్టి బ్యాటరీ మోటార్ల మీద మెల్లగా పోవాలి. యు-180 పైన 20.8 నాట్స్ అంటే గంటకి 38 కిలోమీటర్ల పైన పోగలదు, నీళ్ళ కింద మహా అయితే 6.9 నాట్స్, అంటే 13 కిలోమీటర్ల లోపే, అదీ కొద్దిసేపు. 4 నాట్స్‌తో నింపాదిగా పోతే 115 నాటికల్ మైళ్ళకి, అంటే సుమారు 210 కిలోమీటర్లకి బ్యాటరీ అయిపోతుంది. హైదరాబాద్ నుంచి విజయవాడ దూరం కూడా కాదు. కాబట్టి మూడు నెలల ప్రయాణంలో ఎక్కువ భాగం పైనే, శత్రువు విమానం కంట పడుతుందేమోనన్న భయంతోనే సాగాలి.

సరే, ఆ 20.8 నాట్స్ స్పీడ్ ఎలా వచ్చింది? మామూలుగా పెద్ద యు-బోట్‌కి రెండు బరువైన, నెమ్మదిగా తిరిగే డీజిల్ ఇంజన్లుంటాయి. దీనికి మాత్రం తీరంలో దూసుకుపోయే చిన్న టార్పెడో పడవలకి వాడే మెర్సిడెస్ బెంజ్ ఎంబీ 501 ఇంజన్లు ఆరు బిగించారు. ఒక్కొక్కటీ 20 సిలిండర్లది, ఆరూ కలిపి 9,000 హార్స్ పవర్. కాగితం మీద బ్రహ్మాండంగా ఉంది. కానీ ఆ ఇంజన్ కొన్ని గంటలు జోరుగా పరిగెత్తి రేవుకి తిరిగొచ్చే పడవ కోసం చేసింది, వారాల తరబడి ఆగకుండా తిరిగే పనికి కాదు. వేడెక్కిపోయేది, మాటిమాటికీ రిపేర్లు, అన్నిటికంటే ప్రమాదం ఏంటంటే పొగ. పట్టపగలు సముద్రం మీద నల్లటి పొగ చాలా దూరం నుంచి కనిపిస్తుంది, దాక్కోవడమే బతుకైన బోటుకి అంతకంటే పెద్ద లోపం లేదు. డీజిల్ కూడా ఎక్కువ తాగేది, 12 నాట్స్ వేగంతో 9,900 నాటికల్ మైళ్ళు మాత్రమే పోగలదు, దాని అన్న లాంటి డీ2 రకమేమో అదే వేగంతో 23 వేల మైళ్ళ పైన పోయేది. అంటే జర్మనీ నుంచి హిందూ మహాసముద్రానికి వెళ్ళి తిరిగి రావడం మధ్యలో డీజిల్ అందకుండా దీని వల్ల అయ్యే పని కాదు. ఇంత ముఖ్యమైన ప్రయాణానికి పంపింది ఈ బోటుని!

సైజు ఊహించుకోవాలంటే వైజాగ్ ఆర్కే బీచ్‌లో ఉన్న కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం లోపలికి వెళ్ళినవాళ్ళు ఒకసారి గుర్తు చేసుకోండి. అది 91 మీటర్లు, యు-180 87.6 మీటర్లు, ఇంచుమించు ఒకటే. కురుసుర తర్వాతి తరం సోవియట్ బోటు అయినా ఆ ఇరుకు, ఆ పైపులు, వంగి వంగి దాటాల్సిన గుండ్రటి తలుపులు అవన్నీ అలాగే. యు-180లో మనుషులుండే లోపలి గొట్టం వ్యాసం 4.4 మీటర్లే, అందులోనే యంత్రాలు, టార్పెడోలు, బ్యాటరీలు, యాభై మందికి పైగా జనం, నెలలకి సరిపడా తిండి. మనం కురుసుర అరగంటలో చూసేసి బయటికొచ్చి సముద్రపు గాలి పీలుస్తాం, వాళ్ళకి ఆ వీలు లేదు.

ఇప్పుడు ఎందుకు వెళ్ళాల్సొచ్చింది అన్నది. నేతాజీ 1941 జనవరిలో కలకత్తా ఇంట్లోంచి తప్పించుకుని కాబూల్, మాస్కో మీదుగా ఏప్రిల్‌లో బెర్లిన్ చేరారు. అక్కడ రెండేళ్ళు గడిచినా ఆయన అడిగిన అసలు విషయం, భారత స్వాతంత్ర్యానికి మద్దతుగా గట్టి ప్రకటన, హిట్లర్ ఇవ్వలేదు. 1942 మే చివర్లో ఇద్దరూ కలిసినప్పుడు కూడా తేలిందేంటంటే జర్మన్ సైన్యం ఇండియా దరిదాపులకి రావడానికి చాలా కాలం పడుతుంది, నువ్వు జపాన్ వైపు వెళ్ళు, ప్రయాణానికి సాయం చేస్తాం అని. అప్పటికే 1942 ఫిబ్రవరి 15న సింగపూర్ జపాన్ చేతికి పోయింది, వేలాది భారతీయ సైనికులు ఖైదీలయ్యారు, వాళ్ళలోంచే మోహన్ సింగ్ నాయకత్వంలో మొదటి ఆజాద్ హింద్ ఫౌజ్ పుట్టింది, డిసెంబర్ నాటికి జపాన్ వాళ్ళతో గొడవపడి ఆయన అరెస్టయ్యారు. సైన్యం అక్కడుంది, నాయకుడు ఇక్కడున్నాడు, మధ్యలో సగం ప్రపంచం.

విమానంలో పంపొచ్చు కదా అని అడుగుతారు చాలామంది. ఆలోచించారు. 1942లో ఒక ఇటలీ విమానం సోవియట్ భూభాగం మీదుగా ఎగిరి తూర్పుకి వెళ్ళొచ్చింది కూడా. కానీ జపాన్‌కి సోవియట్‌తో తటస్థత ఒప్పందం ఉంది, తమ మిత్రుల విమానాలు సోవియట్ మీదుగా తమ దగ్గరికి రావడం జపాన్‌కి సుతరామూ ఇష్టం లేదు. మామూలు ఓడలో వెళ్దామంటే బ్రిటిష్ నేవీ కాపలా. మిగిలింది సబ్‌మెరైన్.

తేదీ దగ్గర ఒక చిన్న తికమక ఉంది. నేవీ రికార్డుల్లో యు-180 జర్మనీలోని కీల్ రేవు నుంచి బయల్దేరింది 1943 ఫిబ్రవరి 9న, నేతాజీ జీవిత చరిత్రల్లో 8 అని ఉంటుంది. తన భార్య గురించీ, అప్పటికి పది వారాల పిల్ల అయిన కూతురి గురించీ చెప్తూ అన్న శరత్‌కి ఆయన రాసిన ఉత్తరం మీద ఉన్న తేదీ కూడా ఫిబ్రవరి 8. ఒక రోజు తేడా గురించి వాదించుకోనక్కర్లేదు గానీ రెండు పుస్తకాల్లో రెండు తేదీలు కనిపిస్తే ఏదో ఒకటి అబద్ధం అనుకోవద్దు. బెర్లిన్‌లో నడుపుతున్న ఆఫీసు పని ఏసీఎన్ నంబియార్ గారికి అప్పగించి వచ్చారు.

దారి కూడా మ్యాప్‌లో చూడండి, ఇంగ్లిష్ ఛానల్ మూసేసి ఉంది కాబట్టి ముందు ఉత్తరానికి నార్వే వైపు వెళ్ళి బ్రిటన్‌ని పైనుంచి చుట్టి అట్లాంటిక్‌లోకి దిగి, ఆఫ్రికా పొడుగునా కిందికి వచ్చి, గుడ్ హోప్ అగ్రం తిరిగి హిందూ మహాసముద్రం.

లోపల ఎలా ఉండేదో మనకి తెలిసిందంటే చాలావరకు అబిద్ హసన్ గారి జ్ఞాపకాల వల్లే. ఇంజనీరింగ్ చదవడానికి హైదరాబాద్ నుంచి జర్మనీ వెళ్ళిన కుర్రాడు, నేతాజీ కనపడ్డాక చదువు పక్కన పెట్టి ఆయన సెక్రటరీ అయిపోయారు. బోటు ఎక్కగానే ఆయన్ని కొట్టింది డీజిల్ వాసన. గాలి నిండా అదే, దుప్పట్లకి అదే, బ్రెడ్డు ముక్క కూడా డీజిల్‌లో ముంచి తీసినట్టే ఉండేదట. టిన్నుల్లోని మాంసం, ఆ బ్రెడ్డు నేతాజీకి గొంతు దిగట్లేదని చూసి హసన్ గారు సరుకుల మధ్య వెతికితే ఒక చోట బియ్యం, పప్పు దొరికాయి. ఇంకేం, ఖిచిడీ వండారు. పొద్దున్నే ఖిచిడీ తినే ఊరి మనిషికి అది చేతికొచ్చిన వంటే కదా. నేతాజీ ఏమో ఒక్కరే తినకుండా జర్మన్ ఆఫీసర్లని కూడా కూర్చోబెట్టి పెట్టేవారట, ఇలా అయితే ఉన్న కాస్త బియ్యం ఎన్నాళ్ళొస్తాయి అని హసన్ గారికి బెంగ. నాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చేది ఇదే, అట్లాంటిక్ అడుగున, డీజిల్ కంపులో, పప్పూ బియ్యం లెక్క పెట్టుకుంటున్న హైదరాబాదీ.

మిగతా టైమంతా పనే. నేతాజీ చెప్తుంటే హసన్ గారు రాసుకునేవారు, సింగపూర్‌లో ఏం మాట్లాడాలి, సైన్యాన్ని ఎలా కట్టాలి, మహిళల రెజిమెంట్ ఎలా ఉండాలి, అన్నీ. ఝాన్సీ రాణి రెజిమెంట్ ఆలోచన ఈ బోటులోనే రూపం కట్టిందని ఆయన చెప్పారు. ఒకసారి దాడి చేయబోతూ సిబ్బంది పొరపాటు వల్ల మునగాల్సిన బోటు పైకి తేలిపోయిందట, ఎదుటి ఓడ వచ్చి గుద్దేసేలా ఉంది, అందరి ప్రాణాలూ గుప్పిట్లో ఉన్నాయి, నేతాజీ మాత్రం డిక్టేషన్ ఆపలేదు, పైగా నువ్వు రాయట్లేదేంటని హసన్ గారినే మందలించారట.

ఇక్కడ ఒక విషయం దాటేయకుండా చెప్పాలి. ఇది పర్యాటక ఓడ కాదు, హిట్లర్ నేవీ ఆయుధం. 1943 ఏప్రిల్ 18న, నేతాజీ లోపల ఉండగానే, దక్షిణాఫ్రికా తీరానికి దూరంగా కార్బిస్ అనే 8,132 టన్నుల బ్రిటిష్ ట్యాంకర్‌ని యు-180 టార్పెడోలతో ముంచింది. నిండా ఇంధనం ఉన్న ఓడ, సముద్రమే అంటుకున్నట్టయింది, అందులో ఉన్నవాళ్ళలో ఎక్కువమంది చనిపోయారు. అప్పట్లో బ్రిటిష్ వ్యాపార నౌకల్లో పనిచేసే నావికుల్లో వేలాది మంది మన దేశం వాళ్ళే, బెంగాల్, గుజరాత్, కొంకణ్ తీరాల నుంచి వెళ్ళినవాళ్ళు, ఇలా టార్పెడోలకి ఆహుతైన భారతీయులు ఆ యుద్ధంలో చాలామంది ఉన్నారు. నేతాజీ ప్రయాణాన్ని గౌరవంగా చెప్పుకునేటప్పుడు ఆ ట్యాంకర్‌లో పోయినవాళ్ళని తీసేసి చెప్పుకుంటే అది సగం చరిత్రే.

ఆ తర్వాత వారానికి అసలు ఘట్టం. మడగాస్కర్‌కి ఆగ్నేయంగా వందల మైళ్ళ దూరంలో, ఏప్రిల్ 26న, జపాన్ సబ్‌మెరైన్ ఐ-29 కనిపించింది. అది పెనాంగ్ నుంచి వచ్చింది, 108 మీటర్ల పైన ఉంటుంది, యు-180 కంటే బాగా పెద్దది. అప్పటికి పెనాంగ్‌లో జర్మన్ యు-బోట్ల స్థావరం ఇంకా మొదలవ్వలేదు, యు-180కి అంత దూరం పోయే డీజిలూ లేదు, అందుకే నడి సముద్రంలో మార్చుకోవడం. కానీ సముద్రం ససేమిరా అంది. రెండు ఇనుప బోట్లు అలల మీద దగ్గరికొస్తే గుద్దుకుని రెండూ పోతాయి, దూరంగా ఉంటే మనుషులు దాటలేరు. ఒక రోజుకి పైగా పక్కపక్కనే నడుస్తూ ఎదురుచూశారు. చివరికి తాడు కట్టి, రబ్బరు పడవలో నేతాజీ, హసన్ గారు తడిసి ముద్దయి అటు చేరారు. కొన్ని పుస్తకాలు 27 అంటాయి, ఎక్కువ పుస్తకాలు 28 అంటాయి. రెండు వేరువేరు దేశాల సబ్‌మెరైన్ల మధ్య సైన్యంలో లేని మనుషుల్ని ఇలా మార్చడం ఆ యుద్ధం మొత్తంలో ఇదొక్కసారే అని చెప్తారు.

జనం మర్చిపోయేది ఏంటంటే అటు నుంచి ఇటు కూడా రాకపోకలు జరిగాయి. ఇద్దరు జపాన్ నేవీ ఆఫీసర్లు, ఎమి, తొమొనాగా, యు-180లోకి ఎక్కారు, జర్మన్లు బోట్లు ఎలా కడుతున్నారో నేర్చుకోవడానికి. వాళ్ళతో పాటు టార్పెడో నమూనా, ఇంకా రెండు టన్నుల బంగారం! బెర్లిన్‌లోని జపాన్ రాయబార కార్యాలయానికి, జర్మన్ టెక్నాలజీ కొనడానికి. జర్మన్ల వైపు నుంచి ఆయుధాల డ్రాయింగులు, నమూనాలు అటు వెళ్ళాయి. అంటే రెండు ప్రభుత్వాల దృష్టిలో ఇది పెద్ద వస్తుమార్పిడి, నేతాజీ అందులో ఒక భాగం. మనకి మాత్రం ఆ రోజు చేతులు మారినవాటిలో మిగతావన్నీ లెక్కలోకి రావు.

ఐ-29లో గాలి మారిపోయింది. జపాన్ నావికులు ముందే పెనాంగ్‌లో మసాలా దినుసులు కొని పెట్టుకున్నారు, ఘాటైన కూరతో భోజనం పెట్టారు, కమాండర్ తన క్యాబిన్ ఇచ్చేశారు. మే మొదట్లో సబాంగ్‌లో దిగారు, మే మధ్యకల్లా టోక్యో, జూలై 2న సింగపూర్, జూలై 4న నాయకత్వం. మిగిలింది తెలిసిందే. హసన్ గారు ఫౌజ్‌తో పాటు ఇంఫాల్ యుద్ధంలోకి వెళ్ళారు, "జై హింద్" అనే పలకరింపు ఆయన ఇచ్చిందే అంటారు, స్వాతంత్ర్యం వచ్చాక విదేశాంగ శాఖలో చేరి డెన్మార్క్‌లో రాయబారిగా కూడా చేసి, రిటైరయ్యాక హైదరాబాద్‌కే వచ్చి 1984లో పోయారు. ఇంత చేసిన మనిషి పేరు మన స్కూల్ పుస్తకాల్లో ఎంత మందికి కనిపించిందో చెప్పండి, నాకు నిజంగా బాధేస్తుంది.

తొమొనాగా కథ ఇంకో రకం. జర్మనీలో రెండేళ్ళు ఉండి, 1945లో యు-234 అనే బోటులో ఇంటికి బయల్దేరాడు, అందులో 560 కిలోల యురేనియం ఆక్సైడ్ కూడా ఉంది. దారిలో ఉండగానే జర్మనీ లొంగిపోయింది, బోటు అమెరికన్లకి లొంగిపోవాలని నిర్ణయించింది, అతనూ తోటి ఆఫీసరు షోజీ ఇద్దరూ ఆత్మహత్య చేసుకున్నారు. ఐ-29 అయితే 1944 జూలై 26న ఫిలిప్పీన్స్ దగ్గర అమెరికన్ సబ్‌మెరైన్ సాఫిష్ టార్పెడోలకి మునిగిపోయింది, జర్మనీ నుంచి జెట్ ఇంజన్ల సమాచారం తెస్తూ.

ఇక యు-180. తిరుగు ప్రయాణంలో జూన్ 3న అట్లాంటిక్‌లో బోరిస్ అనే 5,166 టన్నుల గ్రీకు ఓడని ముంచింది, అదే రెండోది, అదే ఆఖరిది. జూలై మొదట్లో ఫ్రాన్స్‌లోని బోర్డో చేరింది. ఇది కూడా చిన్న విషయమేం కాదు, ఎందుకంటే అది దూరంగా ఉన్న ఆ మే నెలలోనే జర్మన్లకి మొత్తం మీద 40కి పైగా యు-బోట్లు పోయాయి. రాడార్ ఉన్న విమానాలు వచ్చాక పైన తిరిగే సబ్‌మెరైన్‌కి రాత్రి చీకటి కూడా రక్షణ కాకుండా పోయింది. యుద్ధం ముగిసేసరికి యు-బోట్లలో పనిచేసినవాళ్ళలో ప్రతి నలుగురిలో ఇంచుమించు ముగ్గురు చనిపోయారు.

బోర్డోలో దీన్ని మళ్ళీ విప్పారు. ఆ ఆరు ఇంజన్లు పీకేసి మామూలు డీజిల్ ఇంజన్లు రెండు పెట్టారు, టార్పెడో గొట్టాలు తీసేసి ఆ జాగాలో సరుకు, 252 టన్నులు పట్టేలా మార్చారు. మళ్ళీ డ్యూటీలో చేరింది 1944 ఏప్రిల్‌లో, కొత్త కమాండర్ రోల్ఫ్ రీజెన్. ఇప్పుడు టార్పెడోలే లేవు, సరుకు బండి అయిపోయింది, జపాన్‌కి జర్మన్ సామాన్లు తీసుకెళ్ళి అక్కడి నుంచి రబ్బరు, తగరం లాంటివి తేవాలి. జూన్‌లో మిత్రరాజ్యాలు నార్మండీలో దిగాయి, ఆగస్టు 15న దక్షిణ ఫ్రాన్స్‌లో కూడా దిగాయి, బోర్డో చేజారిపోవడం ఖాయం అయ్యాక ఉన్న బోట్లని ఎలాగోలా బయటికి పంపేశారు. యు-180 ఆగస్టు 20న బయల్దేరింది, 56 మంది.

అంతే, మళ్ళీ దాని కబురు లేదు. చాలాకాలం పుస్తకాల్లో ఆగస్టు 22న జిరోండ్ నది ముఖద్వారం దగ్గర మైన్, అంటే నీళ్ళలో అమర్చే బాంబు, తగిలి మునిగింది అని రాసేవారు, ఇప్పటికీ చాలా చోట్ల అదే కనిపిస్తుంది. బ్రిటిష్ విమానాలు ఆ దారి నిండా మైన్లు జారవిడిచేవి కాబట్టి అది నమ్మదగ్గ ఊహే. కానీ తర్వాత రికార్డులు మళ్ళీ చూసినవాళ్ళు 23న గానీ ఆ తర్వాత గానీ బిస్కే అఖాతంలో గల్లంతు అని మార్చారు, స్నార్కెల్‌లో లోపం వచ్చి ఉండొచ్చు అన్నది ఇంకో ఊహ. స్నార్కెల్ అంటే నీళ్ళ కింద ఉండగానే డీజిల్ నడపడానికి పైకి పెట్టే గాలి గొట్టం, దాని మూత అలకి మూసుకుపోతే ఇంజన్ బోటు లోపలి గాలినే లాగేస్తుంది, పొగ లోపలికే తన్నుతుంది, అప్పటికి అది కొత్త పరికరం, దానితో ప్రమాదాలు చాలానే జరిగాయి. శిథిలం దొరికితే తప్ప ఈ రెండిట్లో ఏదో తేలదు.

దీని జోడీ యు-195 కూడా అదే నెలలో అదే రేవు నుంచి, అలాగే ఇంజన్లు మార్చుకుని, అలాగే సరుకుతో బయల్దేరింది. అది మాత్రం 1944 డిసెంబర్ ఆఖరికి జావాలోని బటావియా, అంటే ఇప్పటి జకార్తా, క్షేమంగా చేరింది. జర్మనీ లొంగిపోయాక జపాన్ వాళ్ళు దాన్ని తీసుకుని ఐ-506 అని పేరు పెట్టుకున్నారు.